పెద్దమ్మకి శభాష్

కిందటేడు మే నెలలో మా పెద్దమ్మ ఇంట్లో కొత్త ఫ్యాను బిగించాను. పాతది 75 వాట్లు తినేది. ఇది బీఎల్‌డీసీ రకం, 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. హైదరాబాదు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. బిగించి, రిమోటు చేతికిచ్చి, దాని గొప్పదనం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఫ్యాను ఆగి ఉంది. పెద్దమ్మ బయట వేపచెట్టు కింద మంచం వేసుకుని విసనకర్రతో విసురుకుంటోంది. రేకుల ఇల్లు. లోపల కాలు పెడితే అన్నం గిన్నె మూత తీసినప్పటి ఆవిరిలాగా మొహానికి కొట్టింది.

"ఈ ఫ్యానుకి బిల్లు సగం కూడా రాదు పెద్దమ్మా, తిప్పుకో" అన్నాను.

"తిప్పితే తక్కువొచ్చిద్ది. తిప్పకపోతే అసలు రాదు గదరా" అంది.

నేను ఇంజనీరింగ్ చదివాను. పదేళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఆ మాటకి సమాధానం నా దగ్గర అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. లెక్క ప్రకారం ఆవిడ చెప్పింది నిజమే.

పెద్దవాళ్ళ మొండితనం అనుకుని వదిలేసేవాడినే. నేను చేసే పని వల్ల వదల్లేకపోయాను. నా ఉద్యోగం కరెంటు మీటర్ల డేటాతో. మా క్లయింట్లు వేరే దేశాల కరెంటు కంపెనీలు. ఒక్కో ఇంటి మీటరు గంటగంటకీ పంపే అంకెల్ని జల్లెడ పట్టి, "మీ చుట్టుపక్కల మీలాంటి ఇళ్ళకన్నా మీరు ఎక్కువ వాడుతున్నారు" అనో, "అందరికన్నా తక్కువ వాడారు, శభాష్" అనో ఆ ఇంటివాళ్ళకి మెసేజ్ పంపుతాం. శభాష్ పక్కన నవ్వు మొహం బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ బొమ్మ ఏ ఇంటికి వెళ్ళాలో తేల్చే నాలుగు లైన్ల కోడు నేను రాసిందే. చాలా మామూలు కోడు. ఫలానా అంకె కన్నా తక్కువైతే బొమ్మ పంపు, అంతే.

మా పెద్దమ్మ కరెంటు బిల్లు ఫోన్లో నేనే కడతాను కాబట్టి ఆవిడ యూనిట్లు నాకు తెలుసు. మార్చిలో 38. ఏప్రిల్లో 41. రెండు ఎల్‌ఈడీ బల్బులు, సాయంత్రం టీవీ, పచ్చడి నూరడానికి మిక్సీ, రాత్రి నాలుగైదు గంటలు ఫ్యాను. నా కోడు ప్రకారం ఆవిడకి ప్రతి నెలా నవ్వు మొహం వెళ్తుంది. ఏడాదికి పన్నెండు శభాష్‌లు.

అమర్త్య సేన్ ఉపవాసానికీ పస్తుకీ తేడా చెప్తాడు. ఇద్దరి కడుపులూ ఖాళీగానే ఉంటాయి. ఒకరికి తినే వీలుండీ తినలేదు, రెండోవారికి ఆ వీలే లేదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే. మీటరు అచ్చం అలా బయటినుంచి చూసే పరికరం. గచ్చిబౌలిలో ఏసీ 26 మీద పెట్టుకుని భూమిని కాపాడుతున్నాననుకునే నా పొదుపునీ, పెద్దమ్మ వేపచెట్టు కింద కూర్చోవడాన్నీ అది ఒకే గీత మీద పెట్టి కొలుస్తుంది. పైగా ఆ గీత మీద ఆవిడ నాకన్నా చాలా ముందుంటుంది.

మనం 'పొదుపు' అనే మాటని మంచి గుణంలాగా వాడతాం. పొదుపు చెయ్యాలంటే ముందు పోగొట్టుకోవడానికి ఏదైనా ఉండాలి కదా. పెద్దమ్మ దగ్గర అలాంటిది ఏముందని వెతికితే నాకు కనపడింది ఒక్కటే, మధ్యాహ్నం పూట ఒళ్ళు చల్లబడే ఆ రెండు గంటలు. దాన్ని పొదుపు చేస్తోంది.

ఇక లెక్కలోకి వస్తాను, ఎందుకంటే ఇందులో ఒక తమాషా ఉంది. ఆంధ్రలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు. 226 నుంచి 400 దాకా వాడేవాళ్ళకి 8.75. రోజుకి 15 గంటలు ఫ్యాను తిప్పితే పాత ఫ్యానుకి నెలకి దాదాపు 34 యూనిట్లు, కొత్తదానికి 14. మిగిలేది 20 యూనిట్లు. పెద్దమ్మ రేటులో అది 60 రూపాయలు. ఇద్దరు పిల్లలతో ఏసీ ఉన్న ఇంట్లో అదే 20 యూనిట్లు 175 రూపాయలు. కొత్త రకం ఫ్యానుకి మామూలు ఫ్యాను మీద పదిహేను వందలు ఎక్కువ పెట్టాలి. ఉన్నవాడికి ఆ డబ్బు తొమ్మిది నెలల్లో తిరిగొస్తుంది. పెద్దమ్మకి రెండేళ్ళు పైనే పడుతుంది, అదీ ఏడాది పొడుగునా రోజుకి పదిహేను గంటలు తిప్పితే. అంటే పేదవాళ్ళకని రేటు తగ్గించడం న్యాయమే, కానీ ఆ తగ్గింపు వల్లనే మంచి ఫ్యాను వాళ్ళకి గిట్టుబాటు కాదు. తక్కువ తినే పరికరాలన్నీ ఎక్కువ తినేవాళ్ళ ఇళ్ళలోకే చేరడానికి కారణం వాళ్ళకి జ్ఞానం ఎక్కువుండటం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పెద్దమ్మ నన్ను నమ్మలేదు, నమ్మకపోవడానికి కారణం ఉంది. 2022 ఆగస్టు నుంచి బిల్లులో ట్రూఅప్ అని ఒక వరస చేరింది. 2014-19 మధ్య కంపెనీలకైన ఖర్చులో రాబట్టుకోలేకపోయినది అలా సర్దుబాటు చేశారన్నమాట. ఆ తర్వాత ఇంధనం ఖర్చు సర్దుబాటని ఇంకో వరస. రెగ్యులేటరీ కమిషన్ ఆర్డర్లు చదివితే వీటికి తర్కం దొరుకుతుంది, నేను చదివాను, దొరికింది. అయితే సరుకు తీసుకెళ్ళి వండుకు తిన్నాక మూడేళ్ళకి వచ్చి ఇంకో రూపాయి ఇవ్వమనే కొట్టుకి పెద్దమ్మ రెండోసారి వెళ్ళదు. కరెంటు విషయంలో వేరే కొట్టు లేదు. కాబట్టి ఆవిడ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం స్విచ్చి.

మా ఊరు పర్చూరు దగ్గర. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. నల్లరేగడి నేల, పత్తి, మిరప, కొంత పొగాకు. ఊరికి తూర్పున కాలనీ ఉంది. ఎస్సీ, ఎస్టీ కాలనీల ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లో పెంచారు. మా పెద్దమ్మావాళ్ళు ఆ జాబితాలోకి రారు. ఫ్యాను బిగించిన రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని బాబాయి వరసాయన ఒకాయన, "వాళ్ళకేంరా, ఉచితం గదా, పగలూ రేత్రీ ఫ్యాన్లు తిరగతానే ఉంటయ్యి. దండగ" అన్నాడు.

చదువుకునే రోజుల్లో ఈ మాటకి నేను తల ఊపేవాణ్ణి. ఇప్పుడు నాకు అనిపించేది ఏమిటంటే, ఊళ్ళో ఫ్యాను దేనికి కనిపెట్టారో దానికి వాడుతున్న ఇళ్ళు ఆ కాలనీలోవే. పొద్దున ఆరింటికి మిరపచేలోకి వెళ్ళి వంగి కాయ కోసి మధ్యాహ్నానికి ఇల్లు చేరిన మనిషి ఫ్యాను కింద పడుకుంటే అందులో దండగ ఎక్కడుంది? ఆ బాబాయి బోరు మోటారుకి 2004 మే 14న రాజశేఖరరెడ్డి మొదటి సంతకం పెట్టినప్పటి నుంచి కరెంటు ఉచితమే. దాన్ని ఊళ్ళో ఎవరూ దండగ అనరు. నేనూ అనను. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలు తగ్గించమన్నవాళ్ళ మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాకనే ఈ రాష్ట్రంలో కరెంటు ధర అనేది నైతిక ప్రశ్న అయింది. కాకపోతే ఆ ప్రశ్న ఎక్కువగా మోటారు చుట్టూ తిరిగింది, వంటింటి దాకా రావడానికి ఆలస్యమైంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కాలనీలో తిరిగే ఫ్యాన్లు దాదాపు అన్నీ పాత 75 వాట్లవే. కొన్ని చేత్తో తోస్తేగానీ కదలవు. బిల్లే రానప్పుడు మూడు వేలు పెట్టి మంచి ఫ్యాను ఎవరు కొంటారు? ఇక్కడ యూనిట్‌కి డబ్బు కట్టేది ప్రభుత్వం. అందుకని మంచి ఫ్యాను వల్ల లాభపడేదీ ప్రభుత్వమే. ఆ ఫ్యాను కొనాల్సిన బాధ్యత కూడా మరి దానిదే అవ్వాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. మా జిల్లాల్లోనే ఒకసారి జరిగింది.

2014 అక్టోబరులో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు ఇవ్వడం మొదలుపెట్టారు. పాత 60 వాట్ల బల్బులు రెండు తిరిగిచ్చి, ఒక్కోదానికి 10 రూపాయలు కడితే 7 వాట్ల బల్బు చేతిలో పెట్టేవాళ్ళు. అప్పటికి మా అమ్మావాళ్ళు చిలకలూరిపేటలో ఉంటున్నారు, నాన్న అక్కడ స్పిన్నింగ్ మిల్లులో పని. అమ్మ వరసలో నిలబడి, ఒక మాడిపోయిన బల్బూ ఒక బతికున్న బల్బూ ఇచ్చి రెండు తెచ్చుకుంది. "ఇరవై రూపాయలకి ఇస్తున్నారంటే నాలుగు రోజులకే పోయిద్ది" అని నాన్న జోస్యం చెప్పాడు. ఒకటి ఏడేళ్ళు వెలిగింది.

ఆ పథకంలో నాకు నచ్చేది దాని వెనకున్న ఆలోచన. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ బల్బులు టోకున కొంటుంది. ఆ పెట్టుబడిని డిస్కంలు తమకి ఆదా అయిన దాంట్లోంచి ఏళ్ళ మీద తీరుస్తాయి. రోజుకి అయిదు గంటలు వెలిగే రెండు బల్బులు మారిస్తే నెలకి 16 యూనిట్లు తగ్గుతాయి. నష్టానికి అమ్మాల్సిన ఆ యూనిట్లు డిస్కంకి మిగులుతాయి. మా అమ్మకి ఎవరూ పొదుపు గురించి పాఠం చెప్పలేదు, వెలుతురు తగ్గించుకోమనలేదు. బల్బు మార్చారు, అంతే. 2015 జనవరిలో ఇది దేశమంతటికీ వెళ్ళింది, తర్వాత ఉజాలా అని పేరొచ్చింది. ఈఈఎస్‌ఎల్ టోకు బేరానికి బల్బు ధర 310 నుంచి మూడేళ్ళలో 38 రూపాయలకి పడింది. తక్కువ కాల్చమని చెప్పడానికీ, తక్కువతో అంతే వెలుగు వచ్చేట్టు చెయ్యడానికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఆ వరసలో నిలబడ్డ అమ్మకి నాకన్నా ముందే తెలిసి ఉంటుంది.

కరెంటు సంగతి ఎంతో కొంత తేలికే. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నా తెలివి సరిపోదు.

పెద్దమ్మకి 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చింది. డ్వాక్రా సంఘాల్లో ఉన్న పేద ఆడవాళ్ళ తరఫున డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. దేశంలో ఉజ్జ్వల 2016లో మొదలైంది, అంటే ఆంధ్ర పదిహేడేళ్ళు ముందు. ఆ పొయ్యి ఇప్పటికీ ఇంట్లో ఉంది, పైన గుడ్డ కప్పి. టీకీ, చుట్టాలొచ్చినప్పటి కూరకీ వాడుతుంది. అన్నం, స్నానానికి నీళ్ళు బయట మట్టిపొయ్యి మీదే. ఇది మా పెద్దమ్మ వింత కాదు. దీపం వచ్చిన కొద్దికాలానికే ప్రపంచ బ్యాంకు వాళ్ళు ఇక్కడ చేయించిన అధ్యయనంలో కూడా ఇదే తేలింది. గ్యాసు వచ్చిన ఇళ్ళలో కట్టెల పొయ్యి ఆరలేదు, రెండూ పక్కపక్కన నడిచాయి.

కట్టె అంటే మా వైపు అడవి కట్టె కాదు, అడవి ఎక్కడుంది? పత్తికట్టె, మిరపకట్టె, కందికంప. పత్తి ఏరడం అయిపోయాక, జనవరి ఫిబ్రవరుల్లో, చేలో ఎండిన మోళ్ళని పీకాలి. పీకినవాళ్ళకి కూలీ బదులు ఆ కట్టే ఇచ్చేవాళ్ళు. రైతుకి చేను శుభ్రం, కూలీకి ఆరు నెలల వంటచెరుకు. కాగితం మీద ఎక్కడా లేని ఒప్పందం. నా చిన్నప్పుడు పెద్దమ్మతో కలిసి నేనూ పీకాను, అరచేతులు బొబ్బలెక్కేవి. ఇంటి పక్కన కుప్ప వేశాక దాని ఎత్తు చూసి ఆ ఏడు ఎలా ఉంటుందో చెప్పుకునేవాళ్ళు. పత్తికట్టె గబుక్కున అంటుకుంటుంది, గబుక్కున అయిపోతుంది. పక్కనే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. వండే మనిషి లేవడానికి ఉండదు. మిరపకట్టెలో ఒక్క ఎండుకాయ మిగిలిపోయినా ఇల్లంతా దగ్గు.

ఈ మధ్య హైదరాబాదులో కట్టెల పొయ్యి మీద వండామని బోర్డు పెట్టి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. మన కథల్లోనూ కవితల్లోనూ పొగచూరిన వంటిల్లు అమ్మ జ్ఞాపకంగా చాలా వచ్చింది. నేను కూడా ఒకప్పుడు అలాంటి కథ ఒకటి రాసి, అచ్చుకాక బతికిపోయాను. కిర్క్ స్మిత్ అనే ఆయన 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో వండే ఆడవాళ్ళు పీల్చే పొగ ఎంతో కొలిచాడు. ఇంట్లో పొయ్యి పొగ అనేది ప్రపంచంలో పెద్ద ఆరోగ్య సమస్య అని లోకం ఒప్పుకోవడానికి ఆయన బతుకంతా పట్టింది. పెద్దమ్మకి చలికాలం వస్తే రాత్రి పడుకోనివ్వని దగ్గు. "దుమ్ము పడలేదు" అంటుంది. పొయ్యి మీదికి నెపం వెళ్ళనివ్వదు.

గ్యాసు వాడుకోవచ్చు కదా అని నేను అన్నిసార్లూ అడిగేదే. దానికి ఆవిడ చెప్పే జవాబు ధర గురించి కాదు. సిలిండర్‌లో 14.2 కేజీలు ఉంటుంది, డబ్బంతా ఒక్కసారే ఇవ్వాలి. అంటే రెండు మూడు రోజుల కూలి ఒకే రోజు చేతిలో ఉండాలి. ఉప్పు, పప్పు, నూనె, సెల్లు రీచార్జి, అన్నీ చిన్న చిన్న ముక్కలుగా కొనుక్కునే ఇంట్లో ఇదొక్కటే ముద్దగా వచ్చే ఖర్చు. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లాలో దీపం-2 మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచి పథకం, నేను వెక్కిరించడం లేదు. అయితే మొదలుపెట్టిన పద్ధతి ఏమిటంటే ముందు డబ్బు కట్టి సిలిండర్ తీసుకోవాలి, 48 గంటల్లో ఖాతాలో తిరిగి వేస్తారు. నాలాంటివాడికి 48 గంటలు అంటే ఏమీ కాదు, క్రెడిట్ కార్డు నెల రోజులు ఆగుతుంది. పెద్దమ్మ మాత్రం "మళ్ళీ ఇచ్చేదానికి ముందు తీసుకోటం ఏందిరా?" అంది. డబ్బు పడింది, పడలేదని అనను. ఎప్పుడు పడిందో ఆవిడకి తెలియలేదు. బ్యాంకుకి వెళ్ళి పుస్తకం కొట్టించుకోవాలంటే ఆటో చార్జీ, ఒక పూట కూలి. ఇద్దరున్న ఇంట్లో అన్నీ గ్యాసు మీద వండి నీళ్ళు కూడా కాస్తే ఏడాదికి మూడు సరిపోవు. కాబట్టి మూడింటినీ పన్నెండు నెలలకి సాగదీస్తుంది. పత్తికట్టె ఉచితం, అప్పుడప్పుడే కొంచెం కొంచెంగా కాలుతుంది, ఖాతా అక్కర్లేదు.

అక్కర్లేకపోవడం కూడా ఇక ఎన్నాళ్ళో ఉండేట్టు లేదు. పత్తిలో గులాబీరంగు పురుగు ఉధృతి పెరిగాక, వ్యవసాయ అధికారులు మోళ్ళని చేలో నిలవ ఉంచొద్దు, ఇంటి దగ్గర కుప్పలు వెయ్యొద్దు, యంత్రంతో ముక్కలు చేసి భూమిలో కలిపెయ్యమని చెప్తున్నారు. పురుగు ఆ ఎండుకాయల్లో దాక్కుని మళ్ళీ ఏటికి బయటికొస్తుంది. శాస్త్రం ప్రకారం సరైన సలహా, పంట బతకాలంటే అదే చెయ్యాలి. రైతులు ట్రాక్టరు పెట్టి రోటవేటరు తిప్పించేస్తున్నారు. ఆ కుప్ప పురుగుకి ఇల్లు, నిజమే. ఎవరిదో వంటగది కూడా. రోటవేటరు తిప్పిన రోజున ఆ వంటగది బదులు ఏమిటని అడిగే అధికారి ఏ శాఖలో ఉండాలో నాకు తెలియదు. వ్యవసాయ శాఖకి అది కట్టె, పౌరసరఫరాలకి సిలిండర్, డిస్కంకి యూనిట్. పెద్దమ్మకి మాత్రం అన్నీ కలిపి అన్నం ఉడకడం.

ఈ మాట ఇంతకన్నా బాగా చెప్పినాయన ఒకరున్నారు, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఆచార్యుడు అమూల్య కె.ఎన్. రెడ్డి. 1974లో అక్కడ పల్లెలకి పనికొచ్చే సాంకేతికత కోసం ఆస్ట్రా అనే విభాగం పెట్టారు. మనుషులకి కావలసింది యూనిట్లూ టన్నులూ కాదు, వెలుతురు, ఉడికిన అన్నం, తాగే నీళ్ళు అని జీవితమంతా వాదించారు. 1985లో ముగ్గురు సహచరులతో కలిసి ఒక లెక్క వేశారు. మంచి పరికరాలు వాడితే మనిషికి సగటున ఒక్క కిలోవాటుతో, పశ్చిమ యూరప్‌వాళ్ళు డెబ్భైల్లో బతికినంత సుఖంగా పేద దేశాల వాళ్ళు బతకొచ్చు అని. సామర్థ్యం అంటే తగ్గించుకోవడం కాదని, ఉన్నదాంతో అందరికీ అందేట్టు చేసే ఉపాయమని ఆ లెక్క వెనకున్న అర్థం. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈయన పేరు ఒక్క లెక్చరర్ కూడా చెప్పలేదు.

దీనికి ఎదురుగా ఇంకో వాదన ఉంది. 1865లో జెవన్స్ అనే ఇంగ్లీషాయన, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిచేకొద్దీ దేశంలో బొగ్గు వాడకం పెరుగుతుందే తప్ప తగ్గదు అన్నాడు. మా ఆఫీసులో దీన్ని రీబౌండ్ అంటారు. మంచి ఫ్యాను ఇస్తే జనం ఎక్కువసేపు తిప్పుతారు, ఆదా అంతా కొట్టుకుపోతుంది అని స్లైడుల్లో ఎర్ర రంగులో చూపిస్తారు. నేనూ చూపించాను. ఇప్పుడు ఆలోచిస్తే, పెద్దమ్మ ఇంట్లో ఆ ఎర్ర రంగు కోసమే కదా నేను ఫ్యాను మోసుకెళ్ళింది. ఆవిడ ఎక్కువసేపు తిప్పాలనే. 38 యూనిట్లు 50 అయితే నా పథకం విఫలమైనట్టు స్లైడు చెప్తుంది.

తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి కరెంటూ గ్యాసూ అందుబాటులో ఉన్నాయా అని కొలవడానికి ఒక పాత పద్ధతి ఉంది. బ్రెండా బోర్డ్‌మన్ 1991లో ఇంగ్లండులో పుస్తకం రాసింది. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతు దాటి ఖర్చు పెట్టాల్సి వస్తే ఆ ఇంటిది ఇంధన పేదరికం అంది. గమనించండి, పెట్టిన ఖర్చు కాదు, పెట్టాల్సిన ఖర్చు. ఆ ఒక్క ముక్క పట్టించుకోకపోతే, బిల్లు నూటయాభై లోపు, కట్టె ఉచితం, కాబట్టి పెద్దమ్మకి ఏ పేదరికమూ లేదు.

వేడి విషయంలో ఇంకో జ్ఞాపకం రాయాలి. ఇంటర్ అయిన ఏడాది, ఎంసెట్ రాసి ఖాళీగా ఉన్నప్పుడు, గుంటూరు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో టిక్కీల లెక్క రాసే పనికి నెలన్నర వెళ్ళాను. సీజన్లో అమ్ముడుపోని మిర్చి అక్కడ పెడతారు. యార్డులో దాన్ని ఏసీ సరుకు అంటారు. ఎండలో ఉంటే కాయ రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే రేటు పడుతుంది. మందపాటి తలుపు తీసి లోపలికెళ్తే పళ్ళు కొట్టుకునేంత చలి. బయట రేకుల షెడ్డు కింద పెద్దమ్మా, ఇంకో యాభై మంది ఆడవాళ్ళూ కింద కూర్చుని కాయలకి తొడిమలు తీస్తుండేవాళ్ళు. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని. ఆ షెడ్డులో ఫ్యాను ఉంది, గాలికి ఘాటు లేస్తుందని తిప్పేవాళ్ళు కాదు. నేను లెక్క పుస్తకం వంకతో మాటిమాటికీ లోపలికి వెళ్ళేవాణ్ణి. పెద్దమ్మ ఒకసారి, "ఒరే, తలుపు తీసినప్పుడు కాసేపు ఆగి వెయ్యి" అంది. తలుపు సందులోంచి చల్లగాలి షెడ్డులోకి వచ్చేది. సూపర్‌వైజరు చూస్తే తిడతాడు, కరెంటు వృథా అని. తిట్టాడు కూడా. అతని కోణంలో తప్పేమీ లేదు. కాయ చెడితే ఎవరికి ఎంత నష్టమో పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకం నేనే రాసేవాణ్ణి. పెద్దమ్మకి ఎండదెబ్బ తగిలితే నష్టం రాయడానికి అందులో గడి లేదు.

ఫ్యాను బిగించి తిరిగొచ్చాక ఆఫీసులో ఒక టికెట్ పెట్టాను. అందరికన్నా తక్కువ వాడే పది శాతం ఇళ్ళకి శభాష్ బొమ్మ ఆపేద్దామని, ముఖ్యంగా విపరీతమైన చలి, వేడి ఉన్న వారాల్లో. బదులుగా ఆ ఇళ్ళకి సబ్సిడీల సమాచారమో, ఎవరైనా ఫోన్ చేసి ఇంట్లో అంతా బాగుందా అని కనుక్కునే ఏర్పాటో చేయమని క్లయింటుకి సలహా ఇద్దామని. మీటింగులో అందరూ మంచి ఆలోచన అన్నారు. ఖాళీ ఇళ్ళకి, ఊరెళ్ళినవాళ్ళకి, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి తేడా ఎలా పట్టుకుంటాం అని ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. మీటరుని అడిగితే తెలియదు, మనిషిని అడగాలి, అది మా కాంట్రాక్టులో లేదు. టికెట్ ప్రయారిటీ తక్కువ అని మార్కు చేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. నా నాలుగు లైన్లు రోజూ నడుస్తూనే ఉన్నాయి.

ఆగస్టు బిల్లు వచ్చినప్పుడు చూస్తే పెద్దమ్మవి 67 యూనిట్లు. ఉద్యోగం అలవాటు కొద్దీ ముందు మీటరు చెడిందేమో అనుకున్నాను. తర్వాత జబ్బు చేసి పగలంతా ఇంట్లో పడుకుంటోందేమోనని భయపడి ఫోన్ చేశాను.

"అక్క పురిటికొచ్చింది గదరా, చెప్పలా మీ అమ్మ? పసిగుడ్డుకి ఉక్కపోయదా? పగలంతా తిప్పుతున్నాం" అంది. వెనక పాప ఏడుపు, ఎవరో జోల.

"మరి నువ్వు?"

"నేనా గదిలోనే గదా పడుకునేది" అని, కాస్త ఆగి, "బిల్లెంతొచ్చింది?" అని అడిగింది.